మొక్కు ఒకటి, పాఠాలు అనేకం: ఓబరామర్‌గావ్ క్రీస్తు శ్రమల నాటకం

ఆల్ప్స్ పర్వతశ్రేణి ఉత్తరపుటంచున, జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, అమ్మర్ నది లోయలో ఓబరామర్‌గావ్ అనే గ్రామం ఉంది. జనాభా ఐదు వేల పైచిలుకు. కొనమీద శిలువను ధరించి ఊరికి కావలి కాస్తున్నట్లుండే కోఫెల్ శిఖరం, ఉల్లిగడ్డను పోలిన గోపురంతో చర్చి, గోడల నిండా వర్ణచిత్రాలున్న ఇళ్లు, కొయ్యబొమ్మల అంగళ్లు: ఇవన్నీ ఆ ప్రాంతపు మరికొన్ని గ్రామాలలోనూ కనిపించేవే. నాలుగు వేలకు పైగా ప్రేక్షకులు కూర్చోగల నాటకశాల మాత్రం ఇక్కడి ప్రత్యేకత. పదేళ్లకొకసారి, వేసవి పొడవునా, ఊరి జనంలో మూడో వంతు వరకు రంగస్థలం మీదనో, వాద్యబృందంలోనో, తెర వెనుకనో నిలిచి క్రీస్తు చివరి దినాల కథను ఆడతారు. తెలుగు క్రైస్తవులు ‘శ్రమలు’ అని వ్యవహరించే ఆ కథను చూడడానికి దేశదేశాల నుంచి నాలుగైదు లక్షల మంది వస్తారు.

ఈ నాటకాన్ని గురించి రాసేవారిలో చాలాకాలంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. చెక్కుచెదరని ప్రాచీన భక్తికి ఇది ఆనవాలని కొందరు పరవశిస్తారు. భక్తి పేరిట సాగే పర్యాటక వ్యాపారమని మరికొందరు పెదవి విరుస్తారు. రెండు అభిప్రాయాలూ గ్రామ చరిత్రను పరిశీలించకుండా ఏర్పడినవే. ఈ నాటకం చెక్కుచెదరకుండా రాలేదు. తరతరానికీ తిరగరాయబడుతూ వచ్చింది. వ్యాపారం దానితో కలిసి నడచిన మాట నిజమే గాని, నాటకానికి ప్రాణాంతకమైన సంకటం వ్యాపారం వల్ల రాలేదు, పాఠం వల్ల వచ్చింది. ఏ తిరగరాత దీనికి మేలు చేసింది, ఏది కీడు చేసింది అన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న.

కథ 1632లో మొదలవుతుంది. ముప్ఫై ఏళ్ల యుద్ధం జర్మన్ నేలను దున్నేస్తున్న రోజులవి. సైన్యాల వెంట ప్లేగు నడిచింది. ఓబరామర్‌గావ్ ప్రజలు ఊరి చుట్టూ కాపలా పెట్టుకుని వ్యాధిని కొంతకాలం ఆపగలిగారు. పొరుగున ఉన్న ఎషెన్‌లోహెలో కూలి చేసుకుంటున్న కాస్పర్ షిస్లర్ అనే మనిషి ఊరి పండుగకు ఇంటికి రావాలన్న ఆశతో కాపలా కళ్లు కప్పి లోపలికి వచ్చాడనీ, అతనితోబాటు వ్యాధి వచ్చిందనీ సంప్రదాయం చెబుతుంది. ఎనభై మందికి పైగా మరణించారు. 1633లో ఊరి పెద్దలు చర్చిలో చేరి, ఈ మహామారి తొలగితే పదేళ్లకొకసారి క్రీస్తు శ్రమలను నాటకంగా ఆడతామని మొక్కుకున్నారు. ఆ క్షణం నుంచి ఊరిలో ఎవరూ ప్లేగుతో చనిపోలేదని ప్రతీతి. 1634లో పెంతెకొస్తు పండుగనాడు, చర్చి పక్క శ్మశానంలో, కొత్త సమాధుల మీద బల్లలు పరచి మొదటి ప్రదర్శన ఇచ్చారు. చనిపోయినవారి మీద నిలబడి బతికినవారు ఆడిన నాటకం అది.

చరిత్రకారుడి దృష్టికి ఈ వృత్తాంతంలో అతుకులు కనిపించకపోవు. మొక్కు కథను చెప్పే గ్రామ వృత్తాంతం తర్వాతి కాలపు రచన. అమెరికా పండితుడు జేమ్స్ షపీరో 2000లో ఈ గ్రామం మీద వెలువరించిన గ్రంథంలో ఇటువంటి సందేహాలను నిర్మొహమాటంగా చర్చించాడు. అయితే ఐతిహ్యంలోని సత్యాసత్యాల కంటె మొక్కు స్వరూపం ఇక్కడ ముఖ్యం. గ్రామం ఆడతామని మాట ఇచ్చింది. ఏ మాటలతో ఆడతారో, ఎవరు రాసినది ఆడతారో ఆ మొక్కులో లేదు. ఈ ఖాళీ స్థలమే తర్వాతి నాలుగు వందల ఏళ్ల చరిత్రకు ఆటపట్టు అయింది.

లభ్యమైన అతిప్రాచీన పాఠం 1662 నాటిది. అది కూడా గ్రామస్థుల సొంత రచన కాదు. ఆగ్స్‌బర్గ్ నగరంలోని మఠానికి చెందిన 15వ శతాబ్దపు నాటకాన్నీ, అదే నగరానికి చెందిన సెబాస్టియన్ విల్డ్ 16వ శతాబ్దంలో రాసిన మరో నాటకాన్నీ కలిపి కుట్టినది. 1680 నుంచి ప్రదర్శనలను సున్నాతో ముగిసే సంవత్సరాలకు మార్చారు. 1750లో సమీపంలోని ఎట్టాల్ మఠానికి చెందిన సన్యాసి ఫెర్డినాండ్ రోస్నర్ ‘పాస్సియో నోవా’ పేరుతో పూర్తిగా కొత్త పాఠం రాశాడు. కాలానికి తగినట్లు అది ఆడంబరంగా ఉంటుంది. నరకాధిపతి, అసూయ, లోభం, మృత్యువు వంటివి పాత్రలై రంగస్థలం మీదికి వస్తాయి. క్రీస్తును చంపించే కుట్ర పన్నేది ఆ దయ్యాల మూకే. మనుషులు వాటి చేతిలో పావులు.

1770లో బవేరియా ప్రభుత్వం శ్రమల నాటకాలన్నిటినీ నిషేధించింది. పరమ పవిత్రమైన విషయం నాటకపు బల్లల మీద ఉండరాదన్నది అందుకు చెప్పిన కారణం. గ్రామస్థులు మొరపెట్టుకుని, పాఠాన్ని కుదించి, 1780లో అనుమతి తెచ్చుకున్నారు. 1810లో మళ్లీ అదే జరిగింది. అప్పటికి మఠాలు మూతపడ్డాయి. హేతువాదపు గాలి ప్రభుత్వ కార్యాలయాల నిండా వీస్తోంది. దయ్యాలు, నీతిపాత్రలు ఉన్న నాటకం ఆ అధికారులకు మూఢత్వంగా తోచింది. గ్రామం ఎట్టాల్ మఠపు పూర్వ సన్యాసి ఓత్మార్ వైస్‌ను ఆశ్రయించింది. అతడు 1811లో కొత్త పాఠం సమకూర్చి, 1815లో దానిని విస్తరించాడు. దయ్యాలను పూర్తిగా తొలగించాడు. పద్యాన్ని చాలావరకు వచనంగా మార్చాడు. సువార్తల కథను మానవ ప్రయోజనాల మధ్య నడిచే సంఘర్షణగా మలిచాడు. ఊరి బడిపంతులు రోఖుస్ డెడ్లర్ దానికి సంగీతం కూర్చాడు. తర్వాత 19వ శతాబ్దం మధ్యలో ఊరి చర్చి గురువు అలాయిస్ డైజెన్‌బర్గర్ ఆ పాఠాన్ని మెరుగులు దిద్ది స్థిరపరిచాడు.

ఈ సంస్కరణను నాటక చరిత్రకారులు చాలాకాలం పురోగతిగానే వర్ణించారు. నాటకకళ దృష్టితో చూస్తే కాదనలేము కూడా. కాని దయ్యాలు వెళ్లిపోయిన చోటును ఎవరు నింపారు? కథకు ప్రతినాయకుడు కావాలి. క్రీస్తు మరణానికి హేతుబద్ధమైన కారణం కావాలి. దేవాలయ ప్రాంగణం నుంచి క్రీస్తు తరిమివేసిన వర్తకులు, తమ లాభం పోయిందన్న కసితో యాజకులతో చేతులు కలిపి కుట్ర పన్నారన్న కల్పన ఆ అవసరాన్ని తీర్చింది. నిన్నటివరకు నరకం చేసిన పనిని ఇప్పుడు యూదులు చేశారు. మూఢనమ్మకాన్ని తొలగించబోయిన కలం ద్వేషానికి తర్కాన్ని సమకూర్చింది. ఆధునికీకరణ అన్నమాటను ఎప్పుడూ మంచికే వాడే పాలకులూ పండితులూ ఈ ఉదాహరణ దగ్గర కొంచెం ఆగడం అవసరం.

డైజెన్‌బర్గర్ పాఠంలో ఆ మార్పు వేళ్లు పాతుకుంది. ప్రధాన యాజకుడు కయప ఘోరమైన పట్టుదల గల కుట్రదారు. రోమన్ అధికారి పిలాతు మాత్రం ఔదార్యం గల పెద్దమనిషి, గత్యంతరం లేక తీర్పు చెప్పినవాడు. మత్తయి సువార్త 27వ అధ్యాయంలో జనసమూహం క్రీస్తు రక్తాపరాధాన్ని తమమీద, తమ పిల్లలమీద వేసుకునే మాట ఒకటుంది. దానిని రంగస్థలం నిండా నిలిచిన వందలాది జనం ఒక్క గొంతుతో పలికేవారు. సువార్తలో ఒక వాక్యంగా ఉన్నది నాటకంలో ఉప్పెనగా మారింది. చదివే మాటకూ, జనం గర్జించే మాటకూ ఉన్న దూరం నాటక విమర్శకులకు వేరే చెప్పనక్కరలేదు.

అదే కాలంలో గ్రామం లోకప్రసిద్ధమైంది. 1850 ప్రదర్శనను చూసిన నాటకరంగ ప్రముఖుడు ఎడువార్ద్ దెవ్రియెంట్ దాన్ని ప్రశంసిస్తూ గ్రంథం రాశాడు. 1871లో బవేరియా రాజు రెండవ లుడ్విగ్ చూసి ముగ్ధుడై, ఊరికి పెద్ద శిలువ శిల్పసముదాయాన్ని బహూకరించాడు. 1880లో థామస్ కుక్ సంస్థ ఇంగ్లండు యాత్రికులను తీసుకురావడం ప్రారంభించింది. 1900 నాటికి ప్రేక్షకులకు ఇనుప కమానుల పైకప్పు వచ్చింది. నటులు మాత్రం నేటికీ ఆకాశం కింద, కొండలు వెనుకతెరగా ఆడతారు.

1930 సంవత్సరపు ప్రేక్షకులలో ఇద్దరిని గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ జూలైలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఓబరామర్‌గావ్ వచ్చి నాటకం చూశాడు. ఆ స్పందన నుంచి ‘ది చైల్డ్’ అనే దీర్ఘకవిత పుట్టింది. తన కవితలను సాధారణంగా బెంగాలీలో రాసి తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చే ఠాగూర్, దీన్ని నేరుగా ఇంగ్లీషులోనే రాశాడు. 1931లో అది అచ్చయింది. తర్వాత ‘శిశుతీర్థ’ పేరుతో బెంగాలీ రూపం వచ్చింది. చీకటిలో సాగే యాత్రికులు, వారికి దారి చూపేవాడు, అతనిని అనుమానించి చంపిన అనుచరులే పశ్చాత్తాపంతో అతని మార్గాన సాగి, చివరికి ఒక గుడిసె వాకిట తల్లి ఒడిలోని శిశువును చేరుకోవడం అందులోని ఇతివృత్తం. ఠాగూర్ తన రచనలో యూదులనూ, రోమనులనూ, పిలాతునూ, కయపనూ పూర్తిగా వదిలేశాడు. హంతకులు పరాయి జాతి కారు, యాత్రికులే. నాటకంలోని కథను మానవజాతి అపరాధంగానూ, మానవజాతి ఆశగానూ మార్చుకున్నాడు. ఓబరామర్‌గావ్ పాఠం మీద వెలువడిన విమర్శలలో దీనికంటె లోతైనది లేదనవచ్చు. అది విమర్శగా రాయబడనిదైనా సరే.

అదే 1930లో ఆ నాటకశాలలో కూర్చుని చూసిన రెండో వ్యక్తి అడాల్ఫ్ హిట్లర్. అధికారానికి వచ్చాక, మొదటి ప్రదర్శనకు 300 ఏళ్లు నిండిన సందర్భంగా 1934లో జరిగిన ప్రత్యేక ప్రదర్శనలకు మళ్లీ వచ్చాడు. 1942లో తన సహచరులతో మాట్లాడుతూ, యూదుల ప్రమాదాన్ని ఇంత బాగా చూపిన నాటకం మరొకటి లేదనీ, దీనిని కాపాడుకోవాలనీ అన్న అర్థంలో అతడు మెచ్చుకున్నాడు. ఆ ప్రశంసలో పిలాతు పాత్రకు ప్రత్యేక స్థానముంది.

ఒకే పాఠం, ఒకే రంగస్థలం, ఒకే వేసవి. ఒకరు కవితను తీసుకువెళ్లారు, మరొకరు ద్వేషానికి సాక్ష్యాన్ని. చూసేవాడి మనసునుబట్టే నాటకం అని దీన్నిబట్టి తేల్చేయడం సులభం. గ్రామపు సమర్థకులు తర్వాత దశాబ్దాలపాటు చేసిన వాదం అదే. కాని ఆ వాదం నిలవదు. ఠాగూర్ ఆ కథను తనదిగా చేసుకోవడానికి పాఠంలో సగాన్ని వదులుకోవలసి వచ్చింది. రెండో ప్రేక్షకుడు తనకు కావలసినదాన్ని పొందడానికి ఒక్క అక్షరమూ మార్చనక్కరలేకపోయింది.

యుద్ధం వల్ల 1940 ప్రదర్శన జరగలేదు. 1950లో, ఐరోపా యూదుల సంహారం లోకానికి తెలిసిన తర్వాత కూడా, గ్రామం ప్రధానంగా డైజెన్‌బర్గర్ పాఠాన్నే ఆడింది. మొక్కుబడి చెల్లించడంలో దోషమేమిటన్నది ఊరి భావన. 1965లో వాటికన్ మహాసభ, క్రీస్తు మరణానికి యూదు జాతిని బాధ్యులను చేయరాదని ప్రకటించింది. అప్పటినుంచి గ్రామానికి చర్చి వైపు నుంచే ఒత్తిడి మొదలైంది. 1970 ప్రదర్శనను బహిష్కరించాలని అమెరికా యూదు సంస్థలు పిలుపునిచ్చాయి.

అప్పుడు గ్రామంలోని శిల్పి హాన్స్ ష్వైగోఫర్ ఒక వింత పరిష్కారం సూచించాడు. 1750 నాటి రోస్నర్ పాఠానికి తిరిగి వెళ్దామన్నాడు. దయ్యాలు మళ్లీ వస్తే, నేరం మనుషులలో ఒక జాతి మీద నుంచి తొలగి, దుష్టత్వం మీద పడుతుంది. 1977లో దానిని ప్రయోగాత్మకంగా ఆడి చూపారు. ఊరు రెండుగా చీలింది. ఒక వర్గం దాన్ని విమోచనంగా చూసింది; మరో వర్గానికి తాతల నాటి నాటకాన్ని ఎత్తుకుపోతున్నట్లు తోచింది. 1980లో మళ్లీ డైజెన్‌బర్గర్ పాఠాన్నే, కొన్ని సవరణలతో, ఆడారు. ఇందులోని విడ్డూరం గమనించదగ్గది. సంప్రదాయం పేరిట గెలిచిన పాఠం వందేళ్లకు పైబడినది. కొత్తదని తిరస్కరించబడినది దానికంటె శతాబ్దం పాతది. తాము చిన్నతనంలో విన్నదాన్నే జనం సంప్రదాయమంటారు.

1987లో గ్రామ సభ ముప్ఫై ఏళ్లు నిండని క్రిస్టియన్ స్టుక్ల్‌ను దర్శకుడిగా ఎన్నుకుంది. అతడు కొయ్యచెక్కడంలో శిక్షణ పొందినవాడు, ఊరి సత్రం నడిపే కుటుంబంలో పుట్టినవాడు. 1990 నుంచి 2022 వరకు జరిగిన నాలుగు ప్రదర్శనలూ అతని చేతి మీదుగా వెలువడ్డాయి. అతని మొదటి ఏడాదే మరో మలుపు వచ్చింది. అంతవరకు పెళ్లయిన స్త్రీలకు, 35 ఏళ్లు దాటిన స్త్రీలకు నాటకంలో చోటు లేదు. గ్రామ స్త్రీలు కోర్టుకు వెళ్లారు. 1990లో బవేరియా ఉన్నత పరిపాలనా న్యాయస్థానం స్త్రీలకు పురుషులతో సమాన హక్కు ఉందని తీర్పు చెప్పింది. దాంతో క్రీస్తు తల్లి మరియ పాత్రను నడివయసు స్త్రీ ధరించడానికి వీలు కలిగింది. ముప్ఫై మూడేళ్ల కొడుకుకు ఇరవై ఏళ్ల తల్లిని చూపవలసిన ఇబ్బంది మూడున్నర శతాబ్దాల తర్వాత తీరింది.

ఆడే హక్కు అన్నది ఈ ఊరిలో ఆస్తిహక్కు వంటిది. ఊరిలో పుట్టి ఉండాలి, లేదా ఇరవై ఏళ్లు నివసించి ఉండాలి. ఒక కళను ఒక ఊరి జన్మహక్కుగా భావించడం తెలుగువారికి కొత్త కాదు. కూచిపూడిలో ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని ఐతిహ్యం. అక్కడా స్త్రీలకు 20వ శతాబ్దంలోనే ద్వారం తెరుచుకుంది. పోలిక అంతవరకే. కూచిపూడిలో ద్వారం తెరుచుకోగానే కళ ఊరు దాటి దేశదేశాలకు వెళ్లిపోయింది. ఓబరామర్‌గావ్ నాటకానికి ఊరు దాటితే అర్థమే లేదు. అందుకే ఊరిలోపలికి ఎవరిని రానిస్తారన్నదే అక్కడి ప్రశ్న. కాథలిక్కులకే పరిమితమైన పాత్రలు క్రమంగా ప్రొటెస్టంటులకు, తర్వాత ఇతర మతస్థులకు అందాయి. 2022 ప్రదర్శనకు ఉపదర్శకుడు టర్కీ మూలాలున్న ముస్లిం కుటుంబం నుంచి వచ్చినవాడు. యూదా ఇస్కరియోతు పాత్రధారులలో ఒకరూ అంతే. ఈ ఎంపికలను ఊరిలో అందరూ హర్షించలేదు. కాని ప్లేగును ఆపలేకపోయిన గ్రామ సరిహద్దు కావలిని మనుషుల మీద మాత్రం శాశ్వతంగా పెట్టుకోవడం సాధ్యం కాదని గ్రహించినవారు ఎక్కువమందే ఉన్నారు.

పాఠంలో నిర్ణాయకమైన మార్పు 2000లో జరిగింది. స్టుక్ల్, అతనితో పనిచేసిన ఓటో హూబర్ కలిసి డైజెన్‌బర్గర్ రచనను సమూలంగా సవరించారు. రక్తాపరాధపు వాక్యం తొలగింది. పిలాతు ఔదార్యం పోయి, కయపను బెదిరించే నియంతగా నిలిచాడు. యాజకుల సభ ఏకకంఠం కాదు. నీకొదేము, అరిమతయియ యోసేపు క్రీస్తు పక్షాన గట్టిగా వాదిస్తారు. జనసమూహం కూడా రెండుగా చీలి అరుస్తుంది. క్రీస్తును శిష్యులు ‘రబ్బీ’ అని పిలుస్తారు. ఆయన యూదు ధర్మగ్రంథపు చుట్టను పైకెత్తి పట్టుకోగా, జనమంతా హీబ్రూ భాషలో యూదుల ప్రధాన ప్రార్థనను గానం చేసే దృశ్యం 2010లో చేరింది. ఒకప్పుడు యూదుల మీద శాపం గర్జించిన ఆ బృందమే అదే రంగస్థలం మీద వారి ప్రార్థనను నేర్చుకుని పాడడం, ఈ నాటకం మొత్తంలో అన్నిటికంటె బరువైన ఘట్టం.

కళాఖండంగా చూస్తే 2022 ప్రదర్శన బలాబలాలు రెండూ స్పష్టం. జనసమూహ దృశ్యాలలో దీనికి సాటి వృత్తి నాటకశాలలలో దొరకదు. పసిపిల్లల నుంచి వృద్ధుల వరకు, గొర్రెలు, గుర్రాలు, ఒంటెలతో సహా రంగస్థలం నిండినప్పుడు అది జనాన్ని నటిస్తున్నట్లుండదు, నిజంగానే ఒక ఊరు కనిపిస్తుంది. యూదా పాత్ర డబ్బుకు అమ్ముడుపోయిన నీచుడిగా కాక, తాను నమ్మినవాడి కోసం రాజకీయం నడపబోయి దారుణంగా మోసపోయిన యువకుడిగా రూపొందింది. క్రీస్తు కోపిష్ఠి, పేదల పక్షాన మాట్లాడేవాడు. ఆ కోపమే కొన్నిచోట్ల దోషమైంది. గొంతు ఎప్పుడూ తారస్థాయిలో ఉంటే కరుణకు చోటు తగ్గుతుంది. పైగా ఇంట్లో బవేరియా మాండలికం మాట్లాడే నటులు రంగస్థలం మీద ప్రామాణిక జర్మన్ పలుకుతారు. ఆ పలుకుబడిలోని జాగ్రత్త సంభాషణలను ఉపన్యాసాలుగా మారుస్తుంది. వాదోపవాదాలను పెంచి న్యాయం చేయబోయిన పాఠం, వాదోపవాదాలతోనే నాటకాన్ని కొంత భారం చేసింది. స్త్రీలకు న్యాయస్థానం ఇచ్చినంత చోటు రచయితలు ఇంకా ఇవ్వలేదన్నది మరో లోపం.

ఐదు గంటల నాటకాన్ని మధ్యలో మూడు గంటల భోజన విరామంతో ఆడతారు. 2010 నుంచి ప్రదర్శన మధ్యాహ్నం మొదలై రాత్రికి ముగుస్తోంది. శిలువ దృశ్యం చీకటిలో పడాలన్న ఈ మార్పు కోసం 2007లో ఊరు ఓటింగు జరుపుకోవలసి వచ్చింది. దర్శకుడి కళాభిరుచిని గ్రామస్థుల ఓటు నిర్ణయించడం చూసి పెద్ద నగరాల నాటక ప్రయోక్తలు నవ్వుకోవచ్చు. కాని ఫలితం దర్శకుడి పక్షానే వచ్చింది. ప్రదర్శనకు లాభమే కలిగింది.

నాటకపు అంకాల మధ్య ‘సజీవ చిత్రాలు’ వస్తాయి. పాత నిబంధనలోని ఘట్టాలను నటులు కదలక మెదలక నిలిచి ప్రదర్శిస్తారు; పక్కన బృందగానం డెడ్లర్ సంగీతాన్ని పాడుతుంది. 2022లో బూడిదరంగు ప్రధానమైన ప్రధాన కథ నుంచి ఈ చిత్రాలు తెరుచుకున్నప్పుడు రంగులు ఒక్కసారిగా పొంగుతాయి. చేతిని చాచి అలాగే నిలిపిన బాలుడి వేళ్లు వణకకుండా ఉండడం చూస్తే, ఆ ఊరికి ఈ విద్య ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. అది కొయ్యచెక్కేవారి విద్య. కదలికను ఒక భంగిమలో బంధించడం వారి నిత్యకృత్యం. రంగస్థలం మీద ఉన్నవి రక్తమాంసాలతో చెక్కిన బొమ్మలు.

దారుశిల్పం ఓబరామర్‌గావ్‌లో నాటకం కంటె పాతది. ఎట్టాల్ మఠపు అధిపతి 16వ శతాబ్దంలోనే చెక్కడపు పనివారికి నియమావళి జారీ చేశాడు. ఎత్తయిన లోయలో వ్యవసాయం అంతంత మాత్రం, చలికాలం దీర్ఘం. ఇంట్లో కూర్చుని చేయగల పని కావాలి. లిండెన్ వంటి మెత్తని కొయ్యతో శిలువలు, పునీతుల విగ్రహాలు, పశువుల కొట్టపు బొమ్మలు, ఆటబొమ్మలు చెక్కారు. వాటిని వీపున చెక్కచట్రాలకు కట్టుకుని కాలినడకన దేశాలు తిరిగే అమ్మకందారులు మోసుకుపోయారు. క్రమంగా సరుకు ఎగుమతి చేసే వర్తక కుటుంబాలు ఏర్పడ్డాయి. చెక్కినవాడికీ కొన్నవాడికీ మధ్య నిలిచిన ఆ వర్తకులే ధర నిర్ణయించారు. భక్తి ప్రతిమను చెక్కిన చేతికి దక్కినది స్వల్పం. ఈ సంగతి అంగడి అద్దాల వెనుక మెరిసే విగ్రహాలను చూస్తే బోధపడదు. 1910లో వర్తక కుటుంబానికి చెందిన గీడో లాంగ్ నెలకొల్పిన మ్యూజియంలో పాత పనితనం భద్రంగా ఉంది. అగ్గిపెట్టెలో పట్టేంత గుర్రపు రౌతులు, కీళ్లు కదిలే బొమ్మలు చూసినప్పుడు, ఈ శిల్పులు భక్తిని మించి వినోదాన్ని కూడా ఇష్టపడ్డారని తెలుస్తుంది.

నాటకమూ వృత్తులూ వేరుకావు. 1900, 1910, 1922 ప్రదర్శనలలో క్రీస్తు వేషం కట్టిన ఆంటన్ లాంగ్ కుమ్మరి. జర్మన్ ద్రవ్యం కాగితం విలువ కూడా చేయని 1923లో అతడు తోటి గ్రామస్థులతో కలిసి, ఊరి చేతిపనులను అమ్ముకోవడానికి అమెరికా వెళ్లాడు. క్రీస్తుగా ప్రసిద్ధుడైన మనిషి కుండలూ కొయ్యబొమ్మలూ అమ్ముకోవడాన్ని నాటి పత్రికలు విచిత్రంగా రాశాయి. క్రీస్తు వడ్రంగి కొడుకన్నది వారికి తట్టినట్లు లేదు.

ఇళ్ల గోడల మీది చిత్రాలకు ‘ల్యుఫ్టల్‌మాలరై’ అని పేరు. తడి సున్నపు పూత మీద వేగంగా గీయవలసిన ఈ కళకు ఇక్కడి ప్రధాన చిత్రకారుడు ఫ్రాంజ్ సెరాఫ్ ట్స్వింక్. అతడు 1784లో చిత్రించిన ‘పిలాతు గృహం’ గోడమీద, లేని మెట్లు, లేని స్తంభాలు కనిపిస్తాయి. ఆ మెట్ల పైన పిలాతు, కింద క్రీస్తు. సాదా గోడ రంగస్థలమైపోయింది. ప్రస్తుతం ఆ ఇంట్లో చేతిపనివారు సందర్శకుల ఎదుట పనిచేసి చూపుతారు.

2020 ప్రదర్శనకు అన్నీ సిద్ధమయ్యాయి. ముందటి ఏడాది విభూది బుధవారం నుంచి, ఆచారం ప్రకారం, ఊరి మగవారు జుట్టూ గడ్డమూ పెంచారు; రోమన్ సైనికుల వేషధారులకు మాత్రమే మినహాయింపు. మంగలి దుకాణాలకు పని తగ్గి, మ్యూనిక్ నాటక విలేఖరులకు పెరిగింది. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా ప్రదర్శనను రెండేళ్లు వాయిదా వేశారు. మహామారి తొలగినందుకు మొక్కుకున్న నాటకాన్ని మహామారే ఆపింది. మగవారు గడ్డాలు గీయించుకుని, మళ్లీ పెంచుకుని, 2022 మే నెలలో రంగస్థలం ఎక్కారు.

పాఠం సవరించినంత మాత్రాన వివాదం ముగియలేదు. యూదు పండితులలో కొందరు ఈ గ్రామంతో దశాబ్దాలుగా చర్చలు జరిపి, మార్పులను మనస్ఫూర్తిగా స్వాగతించారు. క్రీస్తు మరణ కథను ఒక ఊరంతా జనసమూహంగా నిలిచి ఆడినంతకాలం, ఆ జనసమూహం ఎవరన్న అనుమానం ప్రేక్షకుడి మనసులో మిగిలే ఉంటుందని మరికొందరు అంటారు. ఈ అభ్యంతరానికి పూర్తి సమాధానం నాటకంలో లేదు. ప్రతి ప్రదర్శనకు ముందు పాఠాన్ని యూదు, క్రైస్తవ పండితుల ముందుంచి వాదించుకోవడం మాత్రం ఇప్పుడు గ్రామపు పనిలో భాగమైంది. తరువాతి ప్రదర్శన 2030లో జరగవలసి ఉంది. నాలుగేళ్లకే, 2034లో, మొదటి ఆటకు 400 ఏళ్లు నిండుతాయి. ఆ ఆటలకు పలుకవలసిన మాటలను గ్రామం మళ్లీ కూర్చుని తేల్చుకోవాలి.